తెరచాప ఎత్తిన పిల్లలు, తీరాన కన్నవాళ్ళు

పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు సముద్రం మీదికి వెళ్ళడం ఒకప్పుడు వింత కాదు. బ్రిటిష్ నౌకాదళంలో నెల్సన్ చేరింది 1771లో, పన్నెండేళ్ళ వయసులో. అయితే ఆ పిల్లలు వెళ్ళింది కొలువుకు. ఓడ నిండా మనుషులుండేవారు, తిట్టేందుకూ నేర్పేందుకూ పై అధికారి ఉండేవాడు. పిల్లవాడు పడవలో ఒక్కడే, తన సరదా కోసం, భూగోళం చుట్టి రావడమన్నది ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో పుట్టిన ముచ్చట. దానికి అనుమతి ఎవరివ్వాలన్న ప్రశ్న కూడా దానితోపాటే పుట్టింది.

ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి నావికుడు జాషువా స్లోకమ్. 1895లో బోస్టన్ నుంచి బయలుదేరి 1898లో తిరిగివచ్చాడు. అప్పటికి ఆయన యాభై దాటినవాడు, జీవితమంతా ఓడల మీదే గడిపిన కెప్టెన్. 1966–67లో ఒక్క సిడ్నీలో మాత్రమే ఆగి చుట్టివచ్చిన ఫ్రాన్సిస్ చిచెస్టర్‌కు అరవై అయిదేళ్ళు. ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో చుట్టి 1969 ఏప్రిల్‌లో ఫాల్మత్ చేరిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ వాణిజ్య నౌకల అధికారి. ఆయన పడవ ‘సుహైలి’ బొంబాయిలో టేకుతో కట్టినది. ముగ్గురూ ఎవరి అనుమతీ అడగనక్కర్లేని మనుషులు.

ఈ వరుసలోకి ఒక కుర్రవాడు దూరింది 1965 జూలైలో. కాలిఫోర్నియాకు చెందిన రాబిన్ లీ గ్రాహమ్‌కు అప్పుడు పదహారేళ్ళు. పడవ పొడవు 24 అడుగులు, పేరు ‘డవ్’, తోడు రెండు పిల్లిపిల్లలు. బడి మీద ధ్యాస లేని కొడుకును తండ్రి అంతకు మూడేళ్ళ ముందే తెరచాపల పడవలో దక్షిణ పసిఫిక్ దీవులన్నీ తిప్పాడు. సముద్రం రుచి చూపించింది తండ్రే. అందుకని వద్దనడం ఆయనకు తేలిక కాలేదు. దారిలో తెరచాప కొయ్య రెండుసార్లు విరిగింది. కుర్రవాడు మధ్యలో ప్రేమలో పడ్డాడు, పెళ్ళి చేసుకున్నాడు, పడవ మార్చాడు, ప్రయాణం మానేద్దామనీ అనుకున్నాడు. 1970 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ తిరిగి చేరేసరికి దాదాపు అయిదేళ్ళు గడిచాయి. ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రిక అతని కథను విడతలుగా అచ్చువేసింది, 1974లో సినిమా వచ్చింది. తల్లిదండ్రులను తప్పుపట్టినవారు లేకపోలేదు గానీ, ఏ కోర్టూ కలగజేసుకోలేదు.

గ్రాహమ్ బయలుదేరిన రెండు దశాబ్దాలకు న్యూయార్క్‌లో ఒక తండ్రి కూతురి ముందు రెండు దారులు పెట్టాడు: కాలేజీ చదువా, పడవా? తానియా ఏబీ పడవనే కోరుకుంది. 1985లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ‘వరూనా’ అనే 26 అడుగుల పడవలో బయలుదేరి 1987 నవంబరులో తిరిగివచ్చింది. బయలుదేరేనాటికి ఆమెకు నావికానుభవం కొద్దే. చాలావరకు దారిలోనే నేర్చుకుంది. ఈ చరిత్రలో అన్నిటికంటే తెగువ చూపింది బహుశా ఆ తండ్రేనేమో. కొంతదూరం ఒక స్నేహితురాలిని పడవలో ఎక్కించుకున్నందుకు ఆమెకు రికార్డు దక్కలేదు.

రికార్డు అన్న మాట దగ్గరే కథ మలుపు తిరిగింది. గ్రాహమ్ ఎవరితోనూ పోటీ పడలేదు, ఓడరేవుల్లో నెలలు నెలలు ఉండిపోయాడు. 1999లో ఆస్ట్రేలియా యువకుడు జెస్సీ మార్టిన్ పద్దెనిమిదేళ్ళకు, ఎక్కడా ఆగకుండా, 328 రోజుల్లో మెల్‌బోర్న్ తిరిగి చేరాక వయసే కొలమానమైంది. 2009 జూలైలో అమెరికా కుర్రవాడు జాక్ సండర్లాండ్ పదిహేడేళ్ళకు చుట్టివచ్చాడు. ఆరు వారాలకే అతనికంటే కొన్ని నెలలు చిన్నవాడైన ఇంగ్లండ్ కుర్రవాడు మైక్ పెరామ్ అందరికంటే చిన్నవాడన్న పేరు లాక్కున్నాడు. ఇలాంటి పోటీలో గెలవాలంటే నేర్పు పెరిగినంత మాత్రాన చాలదు, వయసు తగ్గాలి. ఆగి నేర్చుకోవలసిన పిల్లలను ఆగనివ్వని పోటీ ఇది.

గాలిలో ఈ పోటీ అంతకుముందే ప్రాణాలు తీసింది. 1996 ఏప్రిల్‌లో అమెరికాను విమానంలో దాటబోయిన ఏడేళ్ళ జెస్సికా డుబ్రాఫ్ వయోమింగ్ రాష్ట్రంలోని షయాన్ దగ్గర, వాతావరణం బాగాలేని పూట బయలుదేరి, తండ్రితో, శిక్షకుడితో సహా కూలిపోయింది. ఆ ఏడాదే అమెరికా చట్టసభ, పైలట్ అర్హతలు లేని పిల్లలు ఇలాంటి రికార్డుల కోసం విమానం నడపకుండా చట్టం చేసింది. సముద్రానికి అలాంటి చట్టమేదీ రాలేదు.

2009–10లో వాదన ముదిరింది. ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా వాట్సన్ ప్రయాణానికి ముందు పడవను సిడ్నీకి తెస్తుండగా, సెప్టెంబరు 9 తెల్లవారుజామున 63,000 టన్నుల సరుకు ఓడను ఢీకొట్టి తెరచాప కొయ్య పోగొట్టుకుంది. ఇక మానిపించాలని చాలామంది అన్నారు. తల్లిదండ్రులు వెనక్కి తగ్గలేదు. ఆ కుటుంబం ఏళ్ళ తరబడి పడవ మీదే కాపురముంది; జెస్సీ మార్టిన్ పుస్తకాన్ని పిల్లలకు చదివి వినిపించింది తల్లే. అక్టోబరు 18న బయలుదేరిన వాట్సన్ 210 రోజుల తర్వాత, పదిహేడో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, 2010 మే 15న సిడ్నీ చేరింది. రేవులో ప్రధానమంత్రి స్వయంగా స్వాగతం పలికాడు.

నెల తిరక్కుండానే, జూన్ 10న, జాక్ చెల్లెలు పదహారేళ్ళ ఆబీ సండర్లాండ్ పడవ తెరచాప కొయ్య హిందూ మహాసముద్రం నడిబొడ్డున విరిగింది. ఆస్ట్రేలియా ఒక ప్రయాణికుల విమానాన్ని అద్దెకు తీసుకుని వెతికించింది. రెండు రోజుల తర్వాత ఫ్రెంచి చేపల ఓడ ఆమెను ఎక్కించుకుంది. దక్షిణార్ధగోళంలో చలికాలం దాపురిస్తుండగా ఆ నీళ్ళలోకి వెళ్ళడమే తప్పన్నది అనుభవజ్ఞులైన నావికుల విమర్శ. వాళ్ళు ఆమె వయసు కంటే ఎక్కువగా ఆక్షేపించింది ఎంచుకున్న కాలాన్ని. అదే నెలలో వాట్సన్ తల్లిదండ్రులు ధన్యులు, సండర్లాండ్ తల్లిదండ్రులు దోషులు అన్నట్టుగా పత్రికలు రాశాయి. ఇచ్చిన అనుమతి ఒకటే అయినా తీర్పు ఫలితాన్ని బట్టి వచ్చింది.

ఫలితం తెలియకముందే తీర్పు చెప్పవలసి వచ్చింది నెదర్లాండ్స్ కోర్టుకు. లారా డెకర్ తల్లిదండ్రుల సముద్రయానంలో న్యూజిలాండ్‌లో పుట్టింది. వాళ్ళు విడిపోయాక తండ్రి దగ్గర పెరిగింది. 2009 వసంతంలో, పదమూడేళ్ళప్పుడు, ఒంటరిగా ఇంగ్లండ్ వెళ్ళింది. అక్కడి అధికారులు ఆపి తండ్రిని పిలిపిస్తే, ఆయన వచ్చి ఆమెను మళ్ళీ ఒంటరిగానే ఇంటికి పంపాడు. ప్రపంచయాత్రకు సిద్ధమవుతోందని తెలియగానే పిల్లల సంక్షేమ అధికారులు కోర్టుకెక్కారు. నిర్బంధ విద్యా చట్టం కూడా అడ్డుపడింది. ఆగస్టులో ఉట్రెక్ట్ కోర్టు ఆమెను ప్రభుత్వ పర్యవేక్షణలో ఉంచింది. డిసెంబరులో ఆమె ఇంట్లోంచి వెళ్ళిపోయి కరీబియన్ దీవి సెయింట్ మార్టెన్‌లో తేలింది. పట్టుకొచ్చారు. ఆ తర్వాత జరిగినదే విలువైనది: పెద్ద పడవ, ప్రథమ చికిత్స, తక్కువ నిద్రతో నెట్టుకొచ్చే సాధన, దూరవిద్య, ఇలా ఒక్కొక్క లోటూ పూడింది. 2010 జూలైలో మిడెల్‌బర్గ్ కోర్టు పర్యవేక్షణ ఎత్తివేసి, ఇక నిర్ణయం తల్లిదండ్రులదేనంది. ఏడాది క్రితం వాళ్ళ చేతుల్లోంచి తీసుకున్న నిర్ణయం, షరతులు తగిలించుకుని, తిరిగి వాళ్ళ చేతికే వచ్చింది.

కొండల మీద ఇదే ప్రశ్నకు దేశాలు అంకెతో జవాబు చెప్పాయి. ఎవరెస్టుకు నేపాల్ కనీస వయసు పదహారు. అందుకే 2010లో పదమూడేళ్ళ అమెరికా బాలుడు జోర్డన్ రొమెరో టిబెట్ వైపు నుంచి ఎక్కాడు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్‌తో కలిసి అటువైపు నుంచే శిఖరం చేరింది. ఇది ఒంటరి సాహసం కాదు. వెనుక సాంఘిక సంక్షేమ గురుకులాలు, నెలల శిక్షణ, షెర్పాలు ఉన్నారు. కూలి చేసుకునే తల్లిదండ్రులు బిడ్డను అప్పగించింది ఒక సంస్థకు.

లారా డెకర్ 2012 జనవరి 21న, పదహారేళ్ళ నాలుగు నెలల వయసులో, సెయింట్ మార్టెన్‌లో యాత్ర ముగించింది. పిల్లలను ఇంకా చిన్న వయసుకే పురిగొల్పినట్టవుతుందని గిన్నిస్, ప్రపంచ తెరచాప రికార్డుల మండలి అప్పటికే ఇలాంటి రికార్డులకు తలుపులు మూశాయి. ఆమె నెదర్లాండ్స్ వెళ్ళకుండా, పుట్టిన న్యూజిలాండ్‌కు పడవ తిప్పింది. తర్వాతి ఏళ్ళలో సొంతంగా ఒక ఫౌండేషన్ పెట్టి, చిన్నపిల్లలను, కౌమారంలో ఉన్నవాళ్ళను సముద్రయానానికి తీసుకువెళ్ళసాగింది. ఆ యాత్రల్లో వాళ్ళు వెళ్ళేది బృందంగా, పెద్దల తోడుతో.