థైమస్ గ్రంథి

థైమస్ మనిషి రోగనిరోధక వ్యవస్థలోని ప్రధాన అవయవాల్లో ఒకటి. రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగాన, రెండు తమ్మెలుగా ఉంటుంది. మూలుగలో పుట్టిన కణాలు ఇక్కడికి చేరి టి లింఫోసైట్లుగా (టి కణాలుగా) తయారవుతాయి. బాల్యంలో పెద్దదిగా ఉండి, యుక్తవయసు దాటాక క్రమంగా కుంచించుకుపోతుంది. ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. ఇదే వ్యవస్థలోని మరో అవయవం ప్లీహం రక్తాన్ని వడగడుతుంది. మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే లింఫ్ గ్రంథులు ఒంట్లోకి చొరబడిన క్రిములను అడ్డుకుంటాయి. జబ్బు చేసినప్పుడు బిళ్ళ కట్టేది ఇవే. వీటిలో పని ఏమిటో అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది థైమస్‌దే.

ఈ గ్రంథి వయసుతో పాటు తగ్గిపోతుందని క్రీ.శ. 2వ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు గాలెన్ గమనించాడు. ఆ గమనికను తర్వాతి వైద్యులు మరవడం దారుణంగా పరిణమించింది. యూరప్‌లో శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకోవడానికి దొరికిన శవాలు ఎక్కువగా పేదవాళ్లవి, దీర్ఘరోగులవి. పస్తులూ జబ్బులూ థైమస్‌ను హరించేస్తాయి కాబట్టి ఆ శవాల్లో కనిపించిన చిన్న థైమసే సహజమని వైద్యులు నమ్మారు. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన పసిబిడ్డలో థైమస్ మామూలు పరిమాణంలోనే ఉన్నా, అది వాచి ఊపిరి ఆడకుండా చేసిందని తేల్చారు. 1889లో పాల్టౌఫ్ అనే వైద్యుడు దీనికి ఒక రోగం పేరు కూడా పెట్టాడు. 1907 నుంచి అమెరికాలో పసిపిల్లల ఛాతీపై ఎక్స్‌రేలు ప్రయోగించి థైమస్‌ను కుదించే చికిత్స మొదలైంది. అలాంటి రోగమే లేదని 1931లో బ్రిటన్‌లో జరిగిన విచారణ చెప్పినా ఆ చికిత్స వెంటనే ఆగలేదు. అలా కిరణాలు సోకిన పిల్లల్లో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినట్టు 1950లో బయటపడింది. లేని జబ్బుకు చేసిన ఈ వైద్యం ఆధునిక వైద్య చరిత్రలోని పెద్ద తప్పుల్లో ఒకటి.

అసలు పనిని కనిపెట్టినవాడు జాక్ మిల్లర్. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగాడు. లండన్‌లో ఎలుకల రక్త క్యాన్సర్‌పై పరిశోధన చేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు థైమస్ తీసేశాడు. పాలు మానే వయసు దాటాక అవి చిక్కి శల్యమై, అంటురోగాలతో చనిపోయాయి. వాటి రక్తంలో లింఫోసైట్లు బాగా తగ్గిపోయాయి. వేరే జాతి ఎలుక చర్మాన్ని అతికిస్తే వాటి ఒళ్లు తిరస్కరించలేదు. 1961లో ఈ ఫలితాలు ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. అంతకు ముందు పరిశోధకులు ఎదిగిన జంతువుల్లో థైమస్ తీసి, ఏ తేడా లేదని వదిలేశారు. అప్పటికే అక్కడ తయారైన కణాలు ఒళ్లంతా చేరిపోయి, చాలాకాలం బతుకుతాయన్నది వాళ్లకు తెలియదు. నోబెల్ గ్రహీత పీటర్ మెడవార్ అంతటివాడు కూడా థైమస్‌లో లింఫోసైట్లు ఉండటానికి పెద్ద ప్రాధాన్యం లేదని 1963లో అన్నాడు.

మిగతా సగం కథ కోళ్లలో తేలింది. కోడి తోకవైపు ఉండే ఫాబ్రీషియస్ సంచిని తీసేస్తే యాంటీబాడీలు సరిగా తయారు కావని బ్రూస్ గ్లిక్, తిమోతీ చాంగ్ 1956లో ప్రకటించారు. అది కోళ్ల పెంపక శాస్త్ర పత్రికలో అచ్చయింది కాబట్టి వైద్య పరిశోధకులు చాలామంది చూడలేదు. 1965లో మాక్స్ కూపర్ బృందం ఆ సంచిది ఒక దారి, థైమస్‌ది మరో దారి అని నిరూపించింది. మనిషికి ఆ సంచి లేదు. యాంటీబాడీలు చేసే బి కణాలు మనలో మూలుగలోనే తయారవుతాయి. అవి యాంటీబాడీలు చేయాలంటే సాధారణంగా టి కణాల సాయం కావాలని 1968లో మిల్లర్, గ్రాహం మిచెల్ చూపించారు. కూపర్, మిల్లర్లకు 2019లో లాస్కర్ బహుమతి దక్కింది.

థైమస్ చేసే పని కఠినమైన పరీక్ష. సొంత కణాలపైనే గట్టిగా విరుచుకుపడేవి, అసలేమీ గుర్తించలేనివి అక్కడే చనిపోతాయి. లోపలికి వచ్చిన కణాల్లో 95 శాతానికి పైగా బయటికి రావు. ఆ పరీక్షను తప్పించుకున్న వాటిని అదుపు చేసే ప్రత్యేక టి కణాలున్నాయని షిమోన్ సకగుచి 1995లో చూపాడు. ఎలుక పుట్టిన మూడో రోజున థైమస్ తీస్తే దాని ఒళ్లు తన అవయవాలనే దెబ్బతీసుకుంటుందన్న పాత జపాన్ ప్రయోగమే అతనికి దారి చూపింది. 2025 వైద్య నోబెల్‌ను అతను మరో ఇద్దరితో పంచుకున్నాడు.

పెద్దవాళ్లకు థైమస్ అక్కరలేదన్న నమ్మకమూ ఇప్పుడు సడలింది. ఆ గ్రంథి తీసేసిన పెద్దల్లో ఆపరేషన్ తర్వాత ఐదేళ్లలో 8.1 శాతం మంది చనిపోగా, ఇతర ఛాతీ ఆపరేషన్లు అయినవారిలో 2.8 శాతమే చనిపోయారని 2023లో వెలువడిన బోస్టన్ అధ్యయనం తెలిపింది. థైమస్ లేకుండా పుట్టే బిడ్డలు చాలా అరుదు. వైద్యం అందకపోతే వాళ్లు సాధారణంగా రెండు మూడేళ్లకు మించి బతకరు. గుండె ఆపరేషన్‌లో దారికి అడ్డమని వైద్యులు తీసి పారేసే పసిబిడ్డల థైమస్‌ను ముక్కలు కోసి, ప్రయోగశాలలో సాకి, ఈ బిడ్డల తొడ కండరంలో నాటే చికిత్సకు 2021 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.