కోలారు గనుల లోతులో వేడి, పేలుడు

కోలారు బంగారు గనుల చరిత్ర సాధారణంగా బంగారం లెక్కతో మొదలై బంగారం లెక్కతోనే ముగుస్తుంది. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడి గనుల నిర్వహణను చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ పని ఆపేసే వరకు, ఈ నేల నుంచి వెలికివచ్చిన పసిడి దాదాపు 800 టన్నులని అంచనా. ఆ లెక్కల్లోకి ఎక్కని మరో చరిత్ర, ఒళ్లు మాడ్చే వేడితోనూ ఉన్నట్టుండి పేలిపోయే రాతితోనూ శతాబ్దం పాటు సాగిన పెనుగులాట. ఈ రెండు బాధలకూ మూలం ఒక్కటే, లోతు. అయినా వేడి ఇంజనీర్లకు లొంగినంతగా రాతి పేలుడు లొంగలేదు.

అంత లోతుకు దిగక తప్పని పరిస్థితిని కల్పించినది ఖనిజపు అమరికే. బ్రిటిష్ సైన్యాధికారి జాన్ వారెన్ 1802లో మారికుప్పం పరిసరాల్లో గ్రామస్థులు మట్టి కడిగి బంగారు రేణువులు తీయడాన్ని చూసే నాటికే ఇక్కడ పాత తవ్వకాల గుంటలు ఉండేవి; 1870లలో మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకపు హక్కు సంపాదించడంతో ఆధునిక దశ ఆరంభమైంది. బంగారాన్ని ఇముడ్చుకున్న పలుగురాతి పొర గట్టి నల్లరాతి మధ్య, మందంలో మీటరుకు అటూ ఇటూగా, నిలువుగా పెట్టిన పలకలాగా పడమటికి వాలుతూ కిందికి దిగిపోతుంది. పక్కలకు విస్తరించే వీలు తక్కువ కాబట్టి పొరను వెంబడిస్తూ దిగడమే దారి అయింది. ఇందుకోసం నిలువుగా తవ్విన బావిని షాఫ్ట్ అనీ, దాని నుంచి అంతస్తుల వారీగా అడ్డంగా తొలిచిన దారులను లెవెల్ అనీ, రెండు లెవెళ్ల నడుమ ఖనిజాన్ని తీసేయగా మిగిలిన ఖాళీని స్టోప్ అనీ అంటారు. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం అనే నాలుగు పెద్ద గనుల్లో ఛాంపియన్ రీఫ్ చివరికి 3.2 కిలోమీటర్ల లోతుకు చేరి, ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల వరుసలో నిలిచింది. తెలుగూ కన్నడమూ రెండూ ఇంటి భాషలుగా ఉన్న జిల్లా కోలారు. గనుల్లోకి దిగినవారిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు కాగా, 1911 దాకా ఆ జిల్లాలోనే ఉన్న చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువారూ వారితో కలిసి లైన్ల ఇళ్లలో కాపురాలు పెట్టారు.

భూమి లోపలికి పోయేకొద్దీ రాయి వేడెక్కుతుందన్నది తెలిసిందే గానీ, ఆ వేడి అన్నిచోట్లా ఒకేలా పెరగదు. చాలా ప్రాంతాల్లో వంద మీటర్లకు రెండున్నర నుంచి మూడు డిగ్రీల సెల్సియస్ చొప్పున పెరుగుతుంటే, అతి ప్రాచీనమైన దక్కను శిల మీద ఉన్న కోలారులో ఆ పెరుగుదల ఒక డిగ్రీకి కొద్దిగా మించుతుందంతే. వినడానికి విడ్డూరంగా ఉన్నా, కోలారు రాయి లోకంలోని చాలా రాళ్లకన్నా చల్లనిది, అంత లోతుకు మనిషి దిగగలిగినదీ ఆ చలవ వల్లనే. అంత నెమ్మదిగా పెరిగినప్పటికీ అడుగు లెవెళ్ల దగ్గర రాతి ఉష్ణోగ్రత 65 డిగ్రీలు దాటేది, కొత్తగా పగిలిన రాయి చేతికి కాలేది.

రాయి ఒక్కటే వేడిని తెచ్చిపెట్టలేదు. పైనుంచి కిందికి దిగే గాలి తన పైనున్న గాలి బరువుకు నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన గాలి, సైకిల్ పంపు అడుగున చెయ్యి పెడితే తెలిసినట్టే, వేడెక్కుతుంది. పొడిగాలికి ఈ వేడి ప్రతి వంద మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ. ఆ లెక్కన మూడు కిలోమీటర్లు దిగిన గాలి, దారిలో తేమను పీల్చుకోకపోతే, రాతిని తాకక ముందే ముప్పై డిగ్రీల వేడిని అదనంగా మోసుకొస్తుంది. వీటికి యంత్రాల వేడి, పేల్చిన మందు వేడి, మనుషుల ఒంటి వేడి తోడయ్యేవి.

అయితే గనిలో మనిషి ప్రాణానికి కొలమానం మామూలు ఉష్ణోగ్రత కాదు. ఒకే చట్రంలో రెండు థర్మామీటర్లను బిగించి, ఒకదాని పాదరసపు గుండుకు తడి గుడ్డ చుట్టి, గిలకలాగా గిరగిరా తిప్పే చిన్న పరికరం గని ఇంజనీరు చేతిలో ఉండేది. తడి గుడ్డలోని నీరు ఆవిరవుతూ ఆ థర్మామీటరును చల్లబరుస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, రెండు థర్మామీటర్లూ దాదాపు ఒకే అంకెను చూపిస్తాయి. తడి థర్మామీటరు చూపేదాన్ని తడి ఉష్ణోగ్రత అంటారు. మనిషి చర్మమూ ఆ తడి గుడ్డ లాంటిదే: చెమట ఆరినంత కాలం ఒళ్లు చల్లబడుతుంది, ఆరకపోతే లోపలి వేడి లోపలే పేరుకుని మనిషి కుప్పకూలిపోతాడు. కోలారు గనుల్లో ఇలా కూలిపోయిన కార్మికుల విషయాన్ని 1940లలో ఎ. కాప్లన్ అనే వైద్యుడు లోతుగా పరిశీలించి వ్యాసం ప్రచురించాడు. వేడిదెబ్బలన్నింటినీ ఒకే గాటన కట్టకుండా కూలడాన్ని విశ్లేషించదగిన విషయంగా చూసిన ఈ పని, 1946లో జె. కె. లిండ్సేతో కలిసి వేడికీ పని సామర్థ్యానికీ ఉన్న సంబంధంపై చేసిన ప్రయోగాలతో ముందుకు సాగింది. కార్మికుడి ఒళ్లు ఎంత వేడికి ఎంత పని తగ్గిస్తుందన్నది యాజమాన్యానికి లాభనష్టాల లెక్క కూడా కావడం వల్లనే ఈ పరిశోధనకు అంత ప్రోత్సాహం దొరికిందని అనుకోవడంలో తప్పులేదు.

వేడిని తగ్గించే ప్రయత్నాల్లో మొదటిది గాలిని ఆడించడం. ఒక షాఫ్ట్ గుండా గాలి దిగి, పని జరిగే చోట్ల తిరిగి, వేడెక్కి తేలికై మరో షాఫ్ట్ గుండా పైకి పోయే సహజమైన ఏర్పాటుతోనే తొలి దశాబ్దాలు గడిచాయి. 1902 జూన్‌లో శివనసముద్రం జలపాతం నుంచి 147 కిలోమీటర్ల తీగల మీదుగా, బెంగళూరుకు దీపాలు రాక మూడేళ్ల ముందే, ఈ గనులకు విద్యుత్తు చేరింది. ఆ కాలపు ప్రపంచంలోనే అది అతి పొడవైన విద్యుత్ మార్గాల్లో ఒకటి. కంప్రెషర్లూ పంపులూ పెద్ద ఫ్యాన్లూ విద్యుత్తుతో తిరగడం మొదలైనాక గాలిని ప్రకృతి దయకు వదిలేయనవసరం లేకపోయింది. తరవాతి కాలపు లోతైన షాఫ్ట్‌లను గుండ్రంగా, గోడలు నున్నగా, వీలైనంత పొడిగా కట్టడంలోని మర్మమూ ఇదే: నున్నటి గోడ గాలికి అడ్డు తగలదు, పొడి గోడ దానికి తేమ అంటించదు. ఛాంపియన్ రీఫ్‌లోని గిఫర్డ్ షాఫ్ట్ ఒకే దూకుడుగా దాదాపు రెండు కిలోమీటర్లు దిగేది. దాని కింద మరో మెట్టు, దాని కింద ఇంకో మెట్టుగా భూగర్భంలోనే తవ్విన షాఫ్ట్‌లు ఉండడంతో, కార్మికుడు కేజ్ అనే ఇనుప గూడు మారుతూ దిగినట్టే గాలి కూడా మజిలీలు మారుతూ దిగవలసి వచ్చేది.

గాలి పరిమాణం పెంచినా అది వెచ్చనిదైతే ఫలితం లేదని 1920ల తరవాత స్పష్టమైంది. బ్రెజిల్‌లోని మోరో వెల్యో బంగారు గనిలో 1920ల తొలినాళ్లలో నేల మీద పెద్ద శీతలీకరణ యంత్రాన్ని నెలకొల్పి చల్లని గాలిని లోపలికి పంపారు. 1930ల నడిమి కాలంలో దక్షిణాఫ్రికాలోని రాబిన్‌సన్ డీప్ గనీ, కోలారు గనులూ ఆ బాట పట్టాయి. నేల మీది ప్లాంటులో యంత్రం నీటిని చల్లబరిస్తే, ఆ చల్లటి నీటి జల్లు గుండా గాలిని పోనిచ్చి, దానిలోని వేడితో పాటు తేమనూ కక్కించి షాఫ్ట్‌లోకి వదిలేవారు. తేమ తీయడమే ఇందులోని అసలు ఫలం, ఎందుకంటే దిగుతూ గాలి వేడెక్కినా దానికి చెమట ఆర్చే శక్తి మిగిలి ఉంటుంది. ఇక్కడి చిక్కల్లా, పైన కొన్న చల్లదనంలో కొంత దారిలోనే ఖర్చయిపోవడం.

మరో చిక్కు డ్రిల్లింగు నుంచి వచ్చింది. పొడిగా రంధ్రం తొలిస్తే రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. నీళ్లు పోస్తూ తొలిస్తే పొడి అణిగి తేమ పెరుగుతుంది, తేమ పెరిగితే చెమట ఆరదు. ఊపిరితిత్తులను కాపాడే నీరే ఒంటిని ఉడికించే సమస్య ఇది.

రాతి పేలుళ్ల విషయంలో తొలి పొరపాటు పేరులోనే దొర్లింది. లోతైన చోట్ల గోడలోని రాయి తుపాకి మోతతో పగిలి ముక్కలు దూసుకొచ్చేవి, వెంట గాలి విసురు దారుల్లోకి తోసుకొచ్చేది. ఆ విసురును బట్టి వీటిని ఎయిర్ బ్లాస్ట్ అన్నారు, అంటే లక్షణాన్నే కారణంగా పిలిచారు. 1898 నాటికే ఇటువంటి పేలుళ్లు నమోదవుతున్నాయి. మైసూరు భూగర్భశాఖకు నాయకత్వం వహించిన డబ్ల్యు. ఎఫ్. స్మీత్ 1904లో ఈ ఎయిర్ బ్లాస్ట్‌ల మీదా, నేల మీద తెలిసే అదురుల మీదా ప్రత్యేకంగా ఒక బులెటిన్ ప్రచురించాడు. క్రమంగా కారణం తేటతెల్లమైంది: పలుగురాతిని తీసేసిన స్టోప్‌ల చుట్టూ మీది కొండ బరువంతా తవ్వకుండా వదిలిన స్తంభాల మీదా అంచుల మీదా పడుతుంది, ఆ రాయి మెత్తనిదైతే నలుగుతుంది, కోలారు రాయిలాగా పెళుసైనదైతే ఓర్చినంత ఓర్చి ఒక్కసారిగా పేలుతుంది. ఆ పేలుడుకు గాలితో నిమిత్తం లేదు. ఎయిర్ బ్లాస్ట్ పోయి రాక్ బర్స్ట్ అనే పేరు స్థిరపడింది.

1912లో ఇక్కడ వీషర్ట్ రకపు భూకంపలేఖినిని నెలకొల్పారు. తలకిందుగా నిలబెట్టిన బరువైన లోలకం, నేల కదిలినా తాను కదలకుండా ఉండి, మసి పూసిన కాగితం మీద సన్నని ముల్లుతో గీత గీయిస్తుంది. నేల అదిరినప్పుడల్లా ఆ గీత కంపిస్తుంది. గీత ఎప్పుడు కంపించిందో చెప్పగలిగినా, తరవాతి పేలుడు ఎప్పుడో అది చెప్పలేకపోయింది. థర్మామీటరు ముందే హెచ్చరిస్తుంది, భూకంపలేఖిని జరిగాక సాక్ష్యం చెబుతుంది. రెండు బాధల్లో ఒకటి లొంగి మరొకటి మొండికేయడానికి ఇదే ముఖ్య కారణం.

ఇక మిగిలింది రాయికి రాయినే ఊతంగా నిలపడం. కలప దూలాలు చాలకపోవడంతో స్టోప్‌లలో గ్రానైటు రాళ్లను దగ్గర దగ్గరగా పేర్చి గోడలు కట్టారు. స్వాతంత్ర్యం తరవాత కాంక్రీటు నింపే పద్ధతి వచ్చింది. ఖాళీలను నింపితే బరువు పంచుకోవడమే కాక, గాలి వృథాగా తప్పించుకుపోయే సందులూ, వేడి చిమ్మే రాతిముఖాలూ తగ్గుతాయి కాబట్టి ఒక చికిత్స రెండో జబ్బుకూ పనికొచ్చింది. తిరగేస్తే నష్టమూ అలాగే జతగా వచ్చేది: పేలుడుకు గాలిదారి మూసుకుపోతే ఆ భాగంలో వేడి తిరిగి పేరుకునేది. ఎంత కట్టడి చేసినా 1962లో ఛాంపియన్ రీఫ్‌లో గనిలోని ఒక విశాల భాగమంతా వరుస పేలుళ్లకు గురైంది. 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం సాయంతో గనుల చుట్టూ జియోఫోన్ల వల ఏర్పడింది. భూమి అదురును విద్యుత్ సంకేతంగా మార్చే ఈ పరికరాలు వేర్వేరు చోట్ల ఒకే అదురును ఏ క్షణాన విన్నాయో పోల్చి, పేలుడు జరిగిన బిందువును గుర్తిస్తాయి. 1988లో జాతీయ శిలాయంత్రశాస్త్ర సంస్థ ఇక్కడే నెలకొంది.

మనిషికి అంత కష్టమైన ఆ లోతు భౌతికశాస్త్రానికి మాత్రం అక్కరకొచ్చింది. మీది రాయి కాస్మిక్ కిరణాల్లోని ఇతర కణాలను వడగట్టేయడం వల్ల, ఛాంపియన్ రీఫ్‌లో 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హం విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 1965లో రాతిని సులువుగా దాటిపోయే వాతావరణ న్యూట్రినో కణాల జాడను పట్టుకోగలిగారు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని మరో లోతైన బంగారు గనిలోనూ అటువంటి ఫలితమే వచ్చింది. 1980లో అదే లోతున ప్రోటాన్ క్షయాన్ని వెతికే 140 టన్నుల పరికరం పని మొదలుపెట్టింది. దాన్ని దింపిన కేజ్, నడిపిన విద్యుత్తు, కాపలా ఉన్నవారు పీల్చిన గాలి, అన్నీ బంగారం కోసం కూర్చినవే. 1990ల తొలినాళ్లలో లోతు లెవెళ్ల పని తగ్గిపోవడంతో ఆ ప్రయోగాలూ ముగిశాయి.

2001లో పంపులు ఆగాక నీరు అడుగు నుంచి లెవెల్ తరవాత లెవెల్ నింపుతూ పైకి వచ్చింది. వేడిని కొలిచేవారు లేరు. రాయి మాత్రం నీటి కిందా సర్దుకుంటూనే ఉంది; గనులు మూతపడిన తరవాత కూడా ఛాంపియన్ రీఫ్ పరిసరాల్లో చిన్న చిన్న అదురులు భూకంపలేఖినుల గీతలకెక్కాయి.