మన్యం ఘాట్‌లపై సైకిల్ సవారీ: ఎక్కడం కన్నా దిగడమే పరీక్ష

అరకులోయ: తూర్పు కనుమల్లోని ఘాట్‌రోడ్లు సైక్లింగ్ ఔత్సాహికులను ఎంతగానో ఆకర్షిస్తున్నాయి. చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి సైకిళ్లపై మన్యం బాట పట్టేవారు కనిపిస్తారు. వీరిలో తొలిసారి వచ్చేవారు కొండ ఎక్కడాన్ని గురించే ఆలోచిస్తారు. దమ్ము, కాళ్ల బలం, సైకిల్‌కు ఎన్ని గేర్లు ఉన్నాయన్న వాటిపైనే దృష్టి పెడతారు. వాస్తవానికి ఎక్కేటప్పుడు అలసట వస్తే ఆగి సేదదీరవచ్చు. దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఆ అవకాశం ఉండదు. అందువల్ల మార్గాన్ని ఎంచుకునేటప్పుడు ఎక్కడి నుంచి ఎక్కాలన్నదే కాక, ఎటు, ఏ వేళకు దిగాలన్నదీ ముందుగానే నిర్ణయించుకోవడం అవసరం.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో సైకిల్ యాత్రకు అనువైన ప్రధాన మార్గాలు, వాటి స్వభావం ఇలా ఉన్నాయి.

ఎస్.కోట - అనంతగిరి - అరకులోయ

విశాఖ నుంచి అరకులోయకు దూరం సుమారు 115 కిలోమీటర్లు. కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వరకు మైదాన మార్గమే. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. టైడ, డముకు, అనంతగిరి మీదుగా సాగే ఈ దారిలో గాలికొండ వ్యూపాయింట్ సముద్రమట్టానికి దాదాపు 1300 మీటర్ల ఎత్తున ఉంది. ఎక్కుడు సుదీర్ఘమైనదే అయినా, చాలాచోట్ల ఏకరీతిగా ఉంటుంది. చిన్న గేరులో నిదానంగా తొక్కేవారికి అలవికానిది కాదు.

ఇక్కడ పలువురు పొరబడే విషయం ఒకటుంది. అరకులోయ పట్టణం దాదాపు 900 మీటర్ల ఎత్తులోనే ఉంది. అంటే గాలికొండ దాటిన తరువాత సుంకరమెట్ట మీదుగా మళ్లీ లోయలోకి దిగాలి. మరునాడు తిరిగి వెళ్లేటప్పుడు అంతా దిగుడే అనుకుంటే నిరాశ తప్పదు. ముందు సుమారు 400 మీటర్ల ఎత్తు ఎక్కాకే మైదానం వైపు దిగుడు ఆరంభమవుతుంది. ఉదయం ఆలస్యంగా బయలుదేరితే ఘాట్‌లోని ప్రమాదకర మలుపుల వద్దకు చేరేసరికి పొద్దు వాలుతుంది.

బొర్రా గుహలకు అనంతగిరి సమీపంలో వేరే దారి చీలుతుంది. గుహలు సుమారు 705 మీటర్ల ఎత్తులో ఉన్నందున అక్కడికి దిగడం సులువు, తిరిగి ప్రధాన రహదారికి ఎక్కడమే కష్టం. ఒకే రోజు అరకు చేరాలనుకునేవారు గుహల సందర్శనను వేరే రోజుకు ఉంచుకోవడం మేలు.

అరకులోయ - డుంబ్రిగుడ - పాడేరు

సుమారు 45 కిలోమీటర్ల ఈ మార్గం కొత్తవారికి అనువైనది. డుంబ్రిగుడ, చాపరాయి, హుకుంపేటల మీదుగా లోయల వెంబడి సాగుతుంది. పెద్ద ఘాట్ లేకున్నా చిన్నచిన్న ఎగుడుదిగుళ్లు వరుసగా వస్తాయి. నవంబరు, డిసెంబరు మాసాల్లో వలిసె పూలతో పొలాలు పసుపు వర్ణం దాలుస్తాయి. వారపు సంత జరిగే రోజుల్లో జీపులు, ఆటోలు, కాలినడకన వచ్చే గిరిజనులతో రోడ్లు కిటకిటలాడతాయి. పశువులు హఠాత్తుగా అడ్డువస్తాయి. ఊళ్ల వద్ద వేగం తగ్గించక తప్పదు.

పాడేరు - మాడుగుల ఘాట్

పాడేరు నుంచి మినుములూరు మీదుగా గరికబంద, మాడుగుల వైపు దిగే ఈ ఘాట్‌లో మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. బస్సులు, లారీల రాకపోకలు ఎక్కువ. మినుములూరు పరిసరాల్లో శీతకాలపు ఉదయాల్లో పొగమంచు దట్టంగా అలముకొని, పది అడుగుల దూరంలోని వాహనం కూడా కనిపించని పరిస్థితి ఏర్పడుతుంది. మంచు విడిన తరువాతే దిగడం క్షేమకరం. అరకు వైపు నుంచి ఎక్కి, పాడేరులో బసచేసి, ఇటు దిగాలనుకునేవారు ముందు రోజే బ్రేకులను సరిచూసుకోవాలి.

నర్సీపట్నం - లంబసింగి - చింతపల్లి

నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులోని లంబసింగిలో శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుంది. మంచును చూసేందుకు వచ్చే పర్యాటకుల కార్లు సెలవు దినాల్లో తెల్లవారుజామునే బారులు తీరుతాయి. సైకిల్ యాత్రకు మామూలు పనిదినాలే అనుకూలం. మరికొంత దూరం వెళితే చింతపల్లి వస్తుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం తొలిసారిగా దాడిచేసింది ఈ ఊరి పోలీసుస్టేషన్‌పైనే.

బ్రేకు వేడెక్కితే...

ఘాట్‌లో బ్రేకు విఫలం కావడానికి ప్రధాన కారణం వేడి. మనిషి, సైకిల్ బరువు కలిపి 80 కిలోలనుకుంటే, వెయ్యి మీటర్లు దిగేసరికి వెలువడే శక్తి దాదాపు రెండున్నర లీటర్ల నీటిని మరిగించేందుకు సరిపోతుంది. గాలి ఒత్తిడి కొంత భారాన్ని మోసినా, నెమ్మదిగా దిగేవారి విషయంలో ఎక్కువ భాగం బ్రేకులపైనే పడుతుంది. లివరును అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలిపోయి ట్యూబు పేలవచ్చు. డిస్కు బ్రేకులైతే పట్టు సడలవచ్చు. మలుపుకు ముందే గట్టిగా బ్రేకు వేసి వేగం తగ్గించి, మలుపు తిరిగేటప్పుడు వదలాలి. మలుపు మధ్యలో ముందు బ్రేకు గట్టిగా వేస్తే చక్రం జారుతుంది. కొన్ని కిలోమీటర్లకు ఒకసారి విశాలమైన చోట ఆగి రిమ్ములను చల్లారనివ్వాలి.

పెద్ద వాహనాలకూ ఈ మలుపులు పరీక్షే. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి మండలం డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మృతి చెందారు. ఎదురుగా వచ్చే వాహనం తన వరుసలోనే ఉంటుందన్న నమ్మకంతో మలుపు తిరగడం ప్రాణాంతకం కాగలదు. ఇరుకైన కొండదారిలో ఎక్కే వాహనానికే ముందు దారి ఇవ్వాలన్నది రహదారి నియమం. దిగే సైకిలుకూ ఇది వర్తిస్తుంది.

వేళ, వాతావరణం

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల సమయం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాలకు కొండచరియలు విరిగిపడే ముప్పు ఉంటుంది. తడిసిన ఆకులు, బురద కారణంగా చక్రాలు జారతాయి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. కొండల నీడలో అంతకు ముందే చీకటి ఆవరిస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఘాట్ దిగేలా చూసుకోవడం ఉత్తమం. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీలకు పైగా ఉష్ణోగ్రత తగ్గుతుంది. చెమటతో ఎక్కి, అదే తడి దుస్తులతో దిగితే వేళ్లు కొంకర్లుపోయి బ్రేకు లివరు పట్టుదొరకదు. చేతితొడుగులు, గాలి చొరబడని పైకోటు వెంట ఉండాలి.

తప్పనిసరిగా వెంట ఉండాల్సినవి

శిరస్త్రాణం, ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, రెండు అదనపు ట్యూబులు, పంపు, పంచరు సామగ్రి, అదనపు బ్రేకు ప్యాడ్లు. గేరు సైకిళ్ల విడిభాగాలు మన్యంలో దొరకడం కష్టం. ఊళ్ల మధ్య చాలాచోట్ల సెల్‌ఫోన్ సంకేతాలు అందవు. కనుక ఒంటరిగా కాక కనీసం ఇద్దరు కలిసి వెళ్లడం, ఏ మార్గంలో ఎప్పటికి దిగుతారో ఇంట్లో చెప్పి ఉంచడం శ్రేయస్కరం. అత్యవసర వేళ 108కు ఫోన్ చేయాలి.

దిగడంపై నమ్మకం కుదరనివారికి మరో దారి ఉంది. విశాఖ - కిరండూల్ రైలుమార్గంలో అరకు, బొర్రా గుహలు స్టేషన్లున్నాయి. సైకిల్‌ను లగేజీగా బుక్ చేసే వీలును ముందుగా స్టేషన్‌లో విచారించుకొని, ఘాట్ ఎక్కి వెళ్లి రైలులో తిరిగి రావచ్చు. బ్రేకులపై అనుమానం ఉన్నప్పుడు బస్సుపైనో, రైలులోనో సైకిల్‌ను దించుకోవడంలో చిన్నతనమేమీ లేదు.