కాలిపోయిన మృతదేహం ఎవరిదో డీఎన్ఏ ఎలా చెప్తుంది? రిపోర్ట్ ఎందుకు ఆలస్యమవుతుంది?

పాశమైలారం సిగాచి పరిశ్రమలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో చాలా మృతదేహాలు గుర్తుపట్టలేనంతగా కాలిపోయాయి. డీఎన్ఏ సరిపోలితేనే అప్పగింత కావడంతో పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రి దగ్గర కుటుంబ సభ్యులు రోజుల తరబడి ఎదురుచూశారు. అసలు ల్యాబ్‌లో ఏం చేస్తారు?

ఎక్కడి నుంచి తీస్తారు?: వేడికి డీఎన్ఏ ముక్కలు ముక్కలవుతుంది. కండ కాలిపోయినా పళ్లు, తొడ ఎముక లోపల కొంత మిగిలే ఛాన్స్ ఉంటుంది. ఎముకను శుభ్రం చేసి, పొడి చేసి డీఎన్ఏ తీయడానికే టైమ్ పడుతుంది.

ఎంత చెడిందో ఎలా తెలుస్తుంది?: చిన్న ముక్కలు, పెద్ద ముక్కలు ఎంతెంత ఉన్నాయో రియల్ టైమ్ పీసీఆర్‌తో కొలుస్తారు. రెండూ దాదాపు సమానమైతే శాంపిల్ బాగున్నట్టే. పెద్దవి బాగా తగ్గితే దెబ్బతిన్నట్టు.

అప్పుడేంటి దారి?: చిన్న ముక్కలతోనే పనిచేసే మినీ ఎస్‌టీఆర్ పరీక్ష చేస్తారు. ఫలితాన్ని తల్లిదండ్రులు, పిల్లల రక్త నమూనాలతో పోలుస్తారు. అదీ కుదరకపోతే మైటోకాండ్రియల్ డీఎన్ఏ చూస్తారు. అయితే ఇది తల్లి నుంచే వస్తుంది కాబట్టి అన్నదమ్ములిద్దరూ చనిపోతే ఎవరు ఎవరో దీంతో తేలదు.

సిగాచి మృతులు 54 మంది. వారిలో 8 మంది ఆనవాళ్లు దొరకలేదు. పోల్చడానికి శాంపిలే లేక ఆ కుటుంబాలకు చివరి చూపు కూడా దక్కలేదు.