నీటిరంగులకు పెద్ద గిన్నెలు: ఇంటిలోనే అమర్చుకొనే విధానం

బడిపిల్లలకు నీటిరంగుల పెట్టె కొనియిచ్చిన తల్లిదండ్రులు కొద్దిరోజులకే ఒక మొర వింటారు. కుంచె గుంటలో పట్టడం లేదు. ఆకాశం సగం వేసేసరికి కలిపిన నీలం అయిపోయింది. మళ్ళీ కలిపితే ఆ ఛాయ రాలేదు. ఇది పిల్లల చేతకానితనం కాదు. కుంచె, కాగితం, రంగుగుంట, ఈ మూడింటి కొలతలకు పొందిక లేకపోవడమే దీనికి కారణం.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పల్లెలలో లోయర్, హయ్యర్ గ్రేడ్ చిత్రలేఖన పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఒక్క రంగుల పళ్ళెం కోసం బెంగళూరు వెళ్ళిరావాలంటే ఒకరోజు కూలి, బస్సు ఖర్చు రెండూ పోతాయి. నిజానికి అంత దూరం వెళ్ళవలసిన పని లేదు. కావలసిన పాత్రలు చాలావరకు మన వంటింటిలోనూ, వారపు సంతలోనూ ఉన్నాయి. వాటిలో ఏది పనికి వస్తుంది, ఏది పనికిరాదు అన్నది తెలిస్తే చాలు.

గుంట అంత చిన్నది ఎందుకు?

పూర్వం నీటిరంగులను చిత్రకారులే నూరుకొని ఆల్చిప్పలలో ఉంచుకొనేవారు. ఐరోపాలోనూ, మన దేశపు సూక్ష్మచిత్రకారులలోనూ ఈ అలవాటు ఉండేది. 18వ శతాబ్దం చివరిభాగంలో లండన్‌కు చెందిన రీవ్స్ సోదరులు రంగును గట్టి బిళ్ళలుగా చేసి అమ్మారు. 1781లో అక్కడి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారికి పురస్కారం ఇచ్చింది. 1832లో స్థాపితమైన విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ గ్లిసరిన్ కలిపిన మెత్తని రంగుబిళ్ళలను ప్రవేశపెట్టింది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే లోహపు ట్యూబును కనిపెట్టాడు. 1846 నాటికి నీటిరంగులు కూడా ట్యూబులలో వచ్చాయి. మన దేశంలో 1931లో సిరా తయారీతో మొదలైన క్యామ్లిన్ సంస్థ తరువాతి కాలంలో ఒంటె గుర్తు రంగులను బడిపిల్లల చేతికి అందించింది.

చిన్న బిళ్ళల పెట్టె ప్రయాణానికి ఉద్దేశించినది. జేబులో పట్టడం దాని ముఖ్యగుణం. సగం బిళ్ళ అని పిలిచే గుంట సుమారు 19 మిల్లీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, దాదాపు 2 మిల్లీలీటర్ల రంగును పట్టుకొంటుంది. ఒక అంగుళం బల్లపరుపు కుంచె వెడల్పు 25 మిల్లీమీటర్లు. ఆ కుంచె ఆ గుంటలో దిగదు. బలవంతంగా దించితే వెంట్రుకలు విరుగుతాయి, పక్క రంగులు కలుషితమవుతాయి.

మూడు పనులకు మూడు పాత్రలు

పెద్ద పాత్ర కావాలని అనుకొనే ముందు ఏ పనికి కావాలో నిర్ణయించుకోవాలి.

1. రంగును నిలువ ఉంచే గుంట: ఇందులో ట్యూబు రంగు పోసి ఆరనిస్తారు. ఇది కుంచెకంటె కొంచెం వెడల్పుగా ఉంటే చాలు.

2. రంగును కలిపే పళ్ళెం: పావు షీటు, అనగా 11 x 15 అంగుళాల కాగితంపై సగం మేర ఆకాశం వేయడానికి రెండు మూడు టీచెంచాల రంగునీరు ముందే కలిపి ఉంచుకోవాలి. బిళ్ళల పెట్టె మూతలోని పల్లంలో అర చెంచా కూడా సరిగా నిలవదు. పిల్లల ఆకాశం మధ్యలో చారలు పడడానికి ముఖ్యకారణం ఇదే.

3. నీటి పాత్ర: కుంచె కడగడానికి ఒకటి, రంగులో కలిపే మంచినీటికి ఒకటి.

నిలువ గుంట మరీ పెద్దదైనా నష్టమే. 5 మిల్లీలీటర్ల ట్యూబును 7 సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నెలో పోస్తే అది మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందంతో పొరలా పరచుకొని, ఆరిన తరువాత పెచ్చులుగా లేస్తుంది. అదే రంగును 2.8 సెంటీమీటర్ల వెడల్పున్న మూతలో పోస్తే సుమారు 8 మిల్లీమీటర్ల లోతు నిలుస్తుంది. మంచినీళ్ళ సీసా మూత లోపలి కొలత దాదాపు ఇంతే. అనగా ఒక చిన్న ట్యూబుకు ఒక సీసా మూత చక్కగా సరిపోతుంది.

ఇంటిలో లభించే పాత్రలు

పింగాణీ సాసర్లు: కలపడానికి వీటిని మించినవి లేవు. నీటిరంగు పారదర్శకమైనది కనుక తెల్లని నేలపైనే దాని అసలు ఛాయ తెలుస్తుంది. అంచు కొద్దిగా విరిగినందున పక్కన పెట్టిన సాసరు కూడా పనికి వస్తుంది. ఎనామెల్ పూసిన తెల్లని పళ్ళేలు సంతలో దొరికితే అవీ శ్రేష్ఠమే. పూత లేచినచోట తుప్పు పడుతుంది గనుక చూసి తీసుకోవాలి.

పోపుల పెట్టె: గుండ్రని స్టీలు డబ్బాలో ఏడు చిన్న గిన్నెలు. ట్యూబు రంగు నిలువకు ఇవి పెద్దవి. ముందుగా కలిపిన రంగునీటికి మాత్రం సరిగ్గా సరిపోతాయి. స్టీలు మెరుపులో ఛాయ మోసం చేస్తుంది కాబట్టి ప్రతి రంగునూ చిత్తుకాగితంపై వేసి చూడాలి.

ఇడ్లీ పళ్ళెం: గుంటలు విశాలంగా ఉంటాయి. అడుగున ఆవిరి రంధ్రాలు లేనిదానినే ఎంచుకోవాలి.

గుంతపొంగణాల పెనం: ఆకారం బాగున్నా పాత ఇనుప పెనం తుప్పు పట్టి రంగును పాడుచేస్తుంది. నల్లపూత పెనంలో ఛాయ కనిపించదు. రెండూ వద్దు.

ప్లాస్టిక్ పళ్ళేలు, మంచుగడ్డల అచ్చులు: చవకైనవి. కొత్తవాటిపై రంగునీరు ముత్యాలవలె విడిపోతుంది. బూడిదతోగాని పళ్ళపొడితోగాని మెల్లగా రుద్ది కడిగితే ఆ దోషం చాలావరకు తగ్గుతుంది.

కుంకుమ బరిణెలు: మూత ఉన్నందున నిలువకు అనుకూలం. అయితే లోపల మిగిలిన కుంకుమ ప్రతి రంగునూ ఎరుపు చేస్తుంది, పూర్తిగా కడగాలి.

కంపాస్ పెట్టెతో రంగుల పళ్ళెం

రేకు కంపాస్ పెట్టె లేని బడిపిల్లలు అరుదు. పాతబడిన పెట్టె నుండి లోపలి ప్లాస్టిక్ తట్టను తీసివేయండి. మూత లోపలివైపు తెల్లని ఎనామెల్ పెయింటును రెండు పూతలు వేసి, ఒక్కొక్క పూతనూ పూర్తిగా ఆరనివ్వండి. ఇదే కలిపే పళ్ళెం. పెట్టె అడుగున రెండువైపులా అంటుకొనే టేపుతో సీసా మూతలను వరుసగా నిలపండి. పొట్టి మూతలను ఎంచుకొని, పెట్టె మూసుకొంటుందో లేదో ముందే కొలుచుకోవాలి. 15 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు స్థలంలో వరుసకు అయిదు చొప్పున రెండు వరుసలు, మొత్తం పది మూతలు పడతాయి.

పది రంగులూ సమానంగా అవసరం కావు. మన పరిసరాల దృశ్యాలకు నీలం, పసుపుమట్టి రంగు, ఎర్రమట్టి రంగు ఎక్కువ ఖర్చవుతాయి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా కలిపితే నందికొండ, గుడిబండ గుట్టల రాతిబూడిద వర్ణం వస్తుంది. నల్లరంగు కొనవలసిన పని ఉండదు. ఈ రెండింటికి రెండేసి మూతలు కేటాయించడం మంచిది.

నింపే పద్ధతి

గుంటను ఒకేసారి నింపరాదు. మొదట మూడవవంతు పోసి, పుల్లతో కలిపి గాలిబుడగలు పోగొట్టి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. రంగు ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. ఆ పగుళ్ళపై రెండవ పొర, తరువాత మూడవ పొర పోయాలి. బాగా పెచ్చులు లేచే రంగులో ఒక చుక్క గ్లిసరిన్ కలిపితే మెత్తబడుతుంది. ఎక్కువైతే రంగు ఎన్నటికీ ఆరదు.

వానాకాలంలో తడి రంగును మూసి ఉంచితే బూజు పడుతుంది. పని ముగిసిన తరువాత పెట్టెను రాత్రంతా తెరచి ఉంచి, ఆరిన పిమ్మటనే మూయాలి. బూజు పట్టిన పైపొరను గీకి పారవేయాలి.

నీటి విషయం

మన జిల్లాలో లోతైన బోరుబావుల నీటిలో ఫ్లోరైడు, లవణాలు అధికంగా ఉన్న సంగతి తెలిసినదే. అటువంటి ఉప్పునీటితో కలిపిన రంగు ఆరినప్పుడు కొన్నిసార్లు తెల్లని మరకలు, గరుకుదనం కనిపిస్తాయి. రంగులో కలపడానికి వాననీరు గాని, ఊరి శుద్ధనీటి ఘటకం నుండి తెచ్చిన నీరు గాని ఒక గ్లాసెడు చాలు. కుంచె కడగడానికి మామూలు నీరు సరిపోతుంది. ఇందుకు వెడల్పు మూతి గల ఊరగాయ సీసా అనువైనది. అడుగు బరువుగా ఉండడంవలన తేలికగా ఒరగదు, గాజు గనుక నీరు ఎప్పుడు మార్చాలో కనబడుతుంది.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

రంగులకు వాడిన గిన్నెను తిరిగి వంటకు వాడరాదు. కొన్ని రంగులలో క్యాడ్మియం, కోబాల్టు వంటి లోహాలు ఉంటాయి. గిన్నె అడుగున గుర్తు గీసి, వంటింటికి దూరంగా వేరే గూటిలో ఉంచండి. అమ్మకు చెప్పకుండా పోపుల పెట్టె తీసుకెళ్ళే పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

పురుగుమందు సీసాల మూతలు, కొలత గిన్నెలు ఎంత కడిగినా వాడరాదు. పట్టుపురుగుల గదిని శుద్ధి చేయడానికి తెచ్చిన ఫార్మాలిన్ డబ్బాలకూ ఇదే నియమం. పిల్లలు కుంచె మొన సన్నబరచడానికి నోట పెట్టుకొంటారు. మూతలో మిగిలిన విషం ఆ దారిలోనే లోపలికి పోతుంది. తోటలో, చేను గట్టున పడి ఉన్న మూతలను ఏరుకొని రావద్దని చిన్నపిల్లలకు స్పష్టంగా చెప్పండి. కుంచెను నోట పెట్టే అలవాటునూ మొదటిరోజే మాన్పించండి.

రంగునీటిని పశువుల కుడితి తొట్టిలోగాని, మల్బరీ మొక్కల మొదట్లోగాని పారబోయరాదు.

పాత్ర చిన్నదైనా పని చిన్నది కాదు

బాగేపల్లి నుండి సరిహద్దు దాటితే సమీపంలోనే లేపాక్షి ఉంది. ఆ ఆలయపు పైకప్పులపై 16వ శతాబ్దపు చిత్రాలు నేటికీ కనిపిస్తాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు నల్లరంగు కోసం పాత ఇనుము, బెల్లం నీటిలో వేసి కుండలో పులియబెడతారు. కొన్ని రోజులు ఊరిన తరువాతనే ఆ రంగు కలానికి వస్తుంది. రంగుకు తగిన పాత్రను ఇంటి సరుకులలోనే వెదకుకోవడం మన వారికి కొత్త కాదు.

పరీక్షలో సగం ఆకాశంతో ఆగిపోయిన బిడ్డ తనకు చిత్రలేఖనం రాదని నిశ్చయించుకొని ఆ పుస్తకం మూసివేస్తాడు. అసలు లోపం రెండు చెంచాల నీరు పట్టని పళ్ళెంలో ఉందని వానికి ఎవరూ చెప్పరు. అటక మీది ఒక సాసరు, పది సీసా మూతలు, ఒక పాత కంపాస్ పెట్టె. ఇంతటితో ఆ లోపం తీరుతుంది. ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని ఆ పెట్టెను మీరే తయారుచేసి చూడండి.