సుడిదోమకు మార్టేరు జవాబు

పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలం మార్టేరులో వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికే డెబ్బై ఏళ్లు దాటింది. కాలవ నీళ్లు వచ్చాయి, ఇక కావలసింది మంచి విత్తనం. అక్కుళ్లు వంటి దేశవాళీ రకాల్లోంచి మేలైన వెన్నులు ఏరి విడిగా పెంచడం ఆనాటి పద్ధతి. రకం నంబరు ముందుండే ఎంటీయూ మా మార్టేరు గుర్తే.

పొట్టి రకాలు వచ్చాక కథ మారింది. ఒత్తు నాట్లు, దండిగా యూరియా, సార్వా వెనకే దాళ్వా. దుబ్బుల మొదట్లో ఎప్పుడూ నీడ, తేమ. సుడిదోమకు ఇంతకన్నా ఏం కావాలి? పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. దుబ్బు వంచి అరచేత్తో తడితే గోధుమరంగు పురుగులు నీటిమీద జలజలా రాలతాయి. అవి రసం పీల్చేకొద్దీ చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఎడాపెడా మందు కొడితే దోమను తినే సాలీళ్లు కూడా చచ్చి, దోమ ఇంకా పెరుగుతుంది.

అందుకే శాస్త్రవేత్తలు విత్తనంలోనే బలం వెతికారు. ఈశాన్య భారతంలో సేకరించిన ఏఆర్‌సీ 5984 అనే వరికి దోమను తట్టుకునే గుణం ఉంది. దాన్ని సౌభాగ్య అనే రకంతో సంకరం చేస్తే చైతన్య, కృష్ణవేణి రకాలు వచ్చాయి. కృష్ణవేణిని ఐఆర్ 64తో కలిపితే ఎంటీయూ 1010 పుట్టింది. 2000లో విడుదలైన ఈ 120 రోజుల పంటే కాటన్‌దొర సన్నాలు. ఆనకట్ట కట్టించిన దొర పేరు అలా విత్తనానికీ దక్కింది.

దోమ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ట్రేలో నారును వరసలుగా పెంచి, దోమకు లొంగే టీఎన్ 1నీ, తట్టుకునే కేరళ రకం పీటీబీ 33నీ పక్కన ఉంచి పిల్ల పురుగులను వదులుతారు. టీఎన్ 1 మాడిపోయేసరికి పచ్చగా మిగిలిన వరసలే ముందుకు వెళతాయి.

ఇంతా చేసి, డెల్టాకు దేశమంతటా పేరు తెచ్చిన 1982 నాటి స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, సుడిదోమకు లొంగిపోయే రకం. తక్కువ ఎరువుతో బాగా పండుతుంది కాబట్టి రైతు దాన్ని వదల్లేదు. తట్టుకునే రకమైనా ఏళ్ల తరబడి అదొక్కటే వేస్తే దోమే దానికి అలవాటుపడుతుంది. ఫిలిప్పీన్స్‌లో 1973లో విడుదలైన ఐఆర్ 26 కొద్ది ఏళ్లలోనే అలా ఓడిపోయింది.

కాబట్టి ఆయకట్టు మొత్తం ఒకే రకంతో నింపకండి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలండి, యూరియా విషయంలో చెయ్యి బిగించండి. ఇవి చేయకుండా దోమ పడిందని మార్టేరు విత్తనాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.