వైశ్యుల నెత్తురూ, కొకెయిన్ విరుగుడూ

బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ కాలేయంలో తయారై నెత్తుటిలో తిరిగే ఎంజైము. అది లేకపోయినా రోజువారీ బతుకులో ఏ లోటూ తెలియదు. లోటు బయటపడేది ఆపరేషన్ బల్ల మీద. గొంతులో గొట్టం దింపేందుకు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ 1950ల మొదట్లో వాడుకలోకి వచ్చింది. ఈ ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఎంజైములో లోపమున్న కొందరికి మాత్రం గంటలు గడిచినా సొంతంగా ఊపిరి ఆడలేదు. ఇది వంశపారంపర్యమని ఆ దశకంలోనే టొరంటోలో వెర్నర్ కాలో తేల్చాడు.

ఈ లోపం తెలుగు వైశ్యుల్లో మిగతావారి కంటే దాదాపు నూరు రెట్లు ఎక్కువ. వైశ్యులు 102 గోత్రాలు చెప్పుకుంటారు. స్వగోత్రం కూడదు, కులం దాటకూడదు, మేనరికానికి పట్టు ఎక్కువ. లోపానికి మేనరికాన్ని తప్పుపట్టడం తేలికే. అసలు కారణం అంతకన్నా పాతది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన ఈ సమూహం నూరు తరాలకు పైగా బయటి సంబంధం కలుపుకోలేదని 2009లో హైదరాబాదు సిసిఎంబి, హార్వర్డ్ పరిశోధకులు జన్యువుల ఆధారంగా చూపారు. ఎంజైములో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలిన్ చేరడమే వైశ్యుల్లోని మార్పు అని 2006లో తెలిసింది. రోగి వైశ్యులని తెలిస్తే మత్తు డాక్టర్లు సక్సినైల్‌కోలిన్ విషయంలో ఆగి ఆలోచిస్తారు.

కొకెయిన్‌ను విరిచేదీ ఇదే ఎంజైము. కానీ చాలా నెమ్మదిగా. 2006 పరిశోధనలో పాలుపంచుకున్న నెబ్రాస్కా శాస్త్రవేత్త ఒక్సానా లాక్‌రిడ్జ్, మేయో క్లినిక్ బృందంతో కలిసి అప్పటికే, 2002లో, ఎంజైములో రెండు స్థానాలు మార్చి ఆ వేగాన్ని ఎన్నో రెట్లు పెంచారు. ఎంజైములో ఒకచోట దానంతటదే మారితే చిక్కు, ఇంకోచోట కావాలని మారిస్తే మందు.

కోకా మొక్క వేళ్ళ దగ్గరి మట్టిలో దొరికిన బాక్టీరియా ఎంజైముది మరో దారి. అది ఎంతో చురుకైనదే గానీ, ఒంటి వేడికి పావుగంటలోపే సగం చచ్చుబడేది. కెంటకీలో చాంగ్-గువో జాన్ బృందం కంప్యూటర్ లెక్కలతో రెండు మార్పులు చేసి ఆ గడువును గంటలకు పెంచింది. మనుషులపై చేసిన పరీక్షలో అది రెండు నిమిషాల్లో నెత్తుటి కొకెయిన్‌ను 90 శాతం తగ్గించింది. మోతాదు మించి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ వేగమే కావాలి. వ్యసనం మాన్పించడానికి ఎంజైము రోజుల తరబడి నెత్తుటిలో నిలవాలి. అందుకే టెవా కంపెనీ, మార్చిన మానవ ఎంజైమును నెత్తుటి ప్రోటీన్ అయిన అల్బుమిన్‌తో జోడించి, 208 మందితో వారానికొక సూది చొప్పున పన్నెండు వారాల పరీక్ష జరిపింది. చివరి మూడు వారాలు కొకెయిన్‌కు పూర్తిగా దూరంగా ఉండటమే గీటురాయి. ఆ పరీక్షలో మందు నెగ్గలేదు.